సగం మాత్ర

దర్జీకి మెడ పక్కన గడ్డలు లేచాయి, జ్వరం వదలడం లేదు, ఒంట్లో రక్తం తగ్గిపోయింది. ఎప్పటినుంచో లోపల నిద్రపోతున్న హెర్పిస్ జాతి వైరస్ ఒకటి లేచిందని, వదిలేస్తే క్యాన్సర్‌లోకి దింపుతుందని డాక్టరు చెప్పాడు. దాన్ని లేపింది మరేదో కాదు, అక్క ఇచ్చిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా, రోగాలతో పోరాడే శక్తిని అణచడానికి అతను రోజూ మింగే మాత్రే. ఇకనుంచి సగమే వేసుకోమన్నాడు. కిడ్నీ పోయినా పోవచ్చన్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

వారమైనా దర్జీ మాత్ర పూర్తిగానే మింగుతున్నాడు. అది అక్క కంటబడింది.

"చావాలనుందేంట్రా?"

"కడుపు కోయించుకుని ఇచ్చావక్కా. దాన్ని నా చేత్తో ఎలా చంపను?"

"ఊళ్లోవాళ్ల గుడ్డలు అడ్డంగా కత్తిరించేటప్పుడు వణకని చెయ్యి, ఇంత మాత్ర విరవడానికి వణుకుతోందా? నోరు తెరు."

గోటితో మాత్ర విరిచి, సగం అతని నోట్లో వేసి, మిగతా సగం కిటికీలోంచి విసిరేసింది.

ఆ రోజునుంచి అతను ఒంటేలుకని బాత్రూంలోకి వెళ్తే చాలు, తలుపు బయట ఆమె చెప్పుల చప్పుడు.

"వస్తోందా?"

"నువ్వక్కడ కాపలా కాస్తే ఎలా వస్తుందక్కా?"

ఆమె కదలలేదు. అతను గోడకు చెయ్యి ఆనించి, వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు.