ఎర్ర కారుకు పచ్చ లైటు

"పచ్చ లైటేనా?"

నవంబరు నుంచి మార్చి దాకా, పొద్దున్న ఏడింటికి మా ఆయన ఎకార్ట్ ఫోన్లో అడిగే మొదటి మాట ఇది. ఉద్యోగం మ్యూనిక్‌లో, శుక్రవారం గానీ ఇంటికి రాడు. నేను ఇంటి చెప్పులతోనే గ్యారేజీకి వెళ్ళి, ఆయన ఎర్ర స్పోర్ట్స్ కారు బ్యాటరీ చలికి చావకుండా తగిలించిన ఛార్జరు చూసి "ఆ, పచ్చే" అంటాను. పచ్చ వెలిగితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకే రోడ్డెక్కాలని దాని నంబరు ప్లేటు మీదే రాసి ఉంటుంది. ఆ ఏడు నెలల్లోనూ అది బయటికొచ్చేది నాలుగైదు ఆదివారాలు. చలికాలమంతా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. నా పాత చిన్న కారు బయట మంచులో. రోజూ దాని అద్దం మీద మంచు గీకీ గీకీ నా వేళ్ళు పగిలాయి. "వాడికి కార్ల పిచ్చే కదమ్మా, ఆడవాళ్ళ పిచ్చి లేదు, సంతోషించు" అంటుంది మా అత్తగారు.

నేను మంత్రసానిని. కాన్పయి ఇంటికి చేరిన తల్లుల దగ్గరికి తిరగడం నా పని. సోమవారం చలికి బ్యాటరీ చచ్చి నా కారు కదల్లేదు. రెండు బస్సులు మారి బాలింత మిర్యం ఇంటికి చేరేసరికి పదయింది. ఐదు రోజుల పసివాడికి రొమ్ము పట్టడం రాక, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "మీరిక రారేమో అనుకున్నానండీ" అంది ఆ పిల్ల. నాకు తల కొట్టేసినట్టయింది. రేపు ఎనిమిదికల్లా వస్తానని మాటిచ్చాను.

సాయంత్రం ఎకార్ట్‌ని అడిగాను, ఒక్క రోజు ఆ ఛార్జరు తీసుకుంటానని.

"వద్దు వద్దు, దాన్ని కదపకు. ఆ బ్యాటరీ చాలా సున్నితం. నీ డబ్బాకేం, బస్సుంది కదా."

"పసిబిడ్డ ఆకలి బస్సు టైము చూసుకుని వస్తుందా?"

"అబ్బ, మొదలుపెట్టావా!"

చెడ్డవాడు కాడు. నా పుట్టినరోజు ఏనాడూ మర్చిపోలేదు. నా పనిని మాత్రం నలుగురిలో "పిల్లల్ని ఆడించి రావడం" అంటాడు. నేనూ అందరితో కలిసి నవ్వేదాన్ని. ఆ నవ్వు మీద ఇప్పుడు నాకే కోపమొచ్చింది.

మర్నాడు ఏడింటికి ఫోను మోగింది. తియ్యలేదు. దుప్పటి లాగేశాను, ఛార్జరు పీకాను. తాళం తిప్పగానే ఎర్ర కారు గుర్రుమంది. అనదూ మరి, ఐదు చలికాలాలు కాపలా కాసింది నేను! వాకిట్లోకి తెచ్చి నా కారు పక్కన ఆపాను. మంచు ఎత్తుతున్న పక్కింటి రోస్‌విత పార వదిలేసి వచ్చింది.

"ఇది నడపడం వచ్చా నీకు?"

"ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే కదా!"

ఇద్దరం రెండు బ్యాటరీలకూ తీగలు కలిపి, ఎర్రదాని కరెంటు నా దానికి అందించాం. నా కారు దగ్గి, తుమ్మి, లేచింది. ఎనిమిదికల్లా మిర్యం ఇంట్లో ఉన్నాను. పసివాడు నా కళ్ళ ముందే రొమ్ము అందుకుని గుటకలు వేశాడు.

తిరిగొచ్చి నా కారు గ్యారేజీలో పెట్టి ఛార్జరు తగిలించాను. బయటున్న ఎర్రదానికి దుప్పటి కప్పాను, పాపం.

బుధవారం ఏడింటికి మళ్ళీ ఫోను.

"నిన్న తియ్యలేదేం? పచ్చ లైటేనా?"

వెళ్ళి చూశాను.

"పచ్చే, ఎకార్ట్. నా కారుకి. నీది వాకిట్లో ఉంది. శుక్రవారం వచ్చేటప్పుడు చేతి తొడుగులు తెచ్చుకో, మంచు గీకాలి."