సైకిలు మీద శ్రీలంక

శ్రీలంకలో సైకిలు తొక్కడం మంచిదా, చెడ్డదా అన్న పంచాయితీ ఎల్లారెడ్డిలో సాలవ్వ ఇంటి అరుగు మీద ఆదివారం ప్రార్థన ముగిసిన దగ్గర్నుంచి నడుస్తోంది. ఆమె కూతురు సలోమి కామారెడ్డిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి నర్సు. శ్రీలంక చుట్టి రావడానికి సెలవు దొరికింది, తోడు వచ్చే స్నేహితురాళ్లూ దొరికారు. దొరకనిది సైకిలే. అది అన్న దేవరాజ్ గదిలో తాళం వేసి ఉంది. కిందటేడు కామారెడ్డి రోడ్డు మీద రాళ్లు తగిలి పడి ఆమె భుజం ఎముక విరిగినప్పటి నుంచి ఆ తాళంచెవి అతని జేబు దాటలేదు.

మంచి చెప్పడం సలోమి వంతు. “మన తీర్గనే ఎడమదిక్కు నడుస్తరు. అన్నం దొరుకుతది. చిన్న దేశం, ఎటు తొక్కినా సముద్రమే వస్తది.”

“వాన?” అన్నాడు దేవరాజ్.

“తడుస్త.”

“గుట్టలు?”

“నెట్టుకుంట ఎక్కుత.”

“కుక్కలు?”

“మనకాడ లేవా? నన్ను జూస్తె అవే ఉరుకుతయి.”

సాలవ్వకు నవ్వొచ్చింది గానీ, కొడుకు మొహం చూసి మింగేసింది. దేవరాజ్ అసలు అస్త్రం అప్పుడు తీశాడు.

“ఫోన్ల చూసిన. ఆడ గూడ వడ్లు రోడ్డు మీదనే ఆరబోస్తరు. ఎవడో వడ్లెత్తుకపోయి, చుట్టు పెట్టిన రాళ్లు ఆడనే ఇడిసిపెడ్తడు. నువ్వు మళ్ల పడ్తవు. వద్దంటె వద్దు.”

అన్నను నొప్పించకూడదని సలోమి ఏడాదిగా ఒక మాట మనసులో దాచుకుంది. ఇక దాచదలచుకోలేదు. కోపం వచ్చింది, ఆ కోపం ఆమెకు హాయిగానే ఉంది.

“ఈడ ఇడిసిపెట్టింది ఎవడో కాదన్నా, నువ్వే. నేను పడ్డ రాళ్లు మనయే. లారీలకు కనబడాలని వాటికి సున్నం పూసింది నేనే. పడ్డనాడు నా చేతికి ఆ సున్నమే అంటింది.”

దేవరాజ్ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. “అప్పుడే ఎందుకు చెప్పలే?”

“చెయ్యి లేవకుంటె నాకు బువ్వ తినిపించింది నువ్వే. చెప్తె నువ్వు బువ్వ ముట్టకపోదువు.”

సాలవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దేవరాజ్ జేబులోంచి తాళంచెవి తీసి చెల్లెలి ముందు పెట్టాడు. “పో. నేను అడ్డం రాను.”

“నువ్వు పొమ్మంటె పోతలేనన్నా,” అంది సలోమి. “వద్దన్నా పోయేదాన్నే. నువ్వు మాత్రం ఈసారి వడ్లెత్తినంక రాళ్లు గూడ ఎత్తు. ఆ తొవ్వల ఇంకెవరి చెల్లెనో వస్తది.”