పెద్దయితే పోతుందన్నారు

జయచంద్ర కాలిపోయిన మోటరులోంచి పాత రాగి తీగ పీకుతున్నాడు. రెండు చుట్లు పీకుతాడు, లేచి వాకిట్లోకొచ్చి బస్సు కోసం రోడ్డు చూస్తాడు, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. బెళుగుప్పలో ఎండాకాలమంతా బోరు మోటర్లు కాలుతూనే ఉంటాయి. ఈ మోటర్ల రిపేరు షాపులో తీగ చుట్టేవాడు మాత్రం అతనొక్కడే. ముప్పై దాటినా పొట్టి మనిషి. చిన్నప్పుడు మింగిన మాత్రలు ఎదగనివ్వలేదు.

ఆరేళ్లప్పుడు ఒళ్లంతా ఉబ్బితే, మూత్రంలో ప్రోటీను పోతోందన్నారు. తల్లి రామాంజినమ్మ కూలికి పోయేముందు రోజూ వాడి మూత్రం గాజు గొట్టంలో పోసి దీపం మీద కాచేది. తేటగా ఉంటే ఆమెకు పండగే. విరిగిన పాలలా తెల్లబడితే ఉప్పు లేని కూడు, అనంతపురం బస్సు. తగ్గడం, తిరగబెట్టడం, మీసాలొచ్చేదాకా అదే తంతు. ఆఖరికి "పెద్దయితే చాలామందికి పోతుంది, ఏటా ఒకసారి చూపించుకోండి" అన్నాడు డాక్టరు. పోతుందన్న మాటొక్కటే ఆ తల్లి చెవినెక్కింది. తిన్నగా ఆంజనేయస్వామి గుడికి పోయి, టెంకాయ కొట్టినట్టు ఆ గొట్టాన్ని మెట్టు మీద పగలగొట్టింది. ఇక ఆస్పత్రి మొహం ఎవరూ చూడలేదు.

ఏళ్లకేళ్లు ఏమీ కాలేదు. ఈమధ్య మళ్లీ మూత్రంలో నురగ, పొద్దున లేస్తే కళ్ల చుట్టూ వాపు. అమ్మ చూడకముందే ఇల్లు దాటేస్తున్నాడు. జబ్బు కన్నా ఆమె ఏడుపంటేనే అతనికి భయం.

"ఏమప్పా జయా, ముఖమంతా ఉబ్బుండాది?" అన్నాడు షాపు యజమాని నరసింహులు.

"నిద్ర లేదన్నా."

"అనంతపురం పోయి చూపించుకోరాదా?"

"పోతాలే. ఈ మోటరు కానీ. ఆ రైతు తోటలో నీళ్లు లేక చీనీ చెట్లు ఎండిపోతాండాయి."

మధ్యాహ్నం బస్సు వచ్చింది, పోయింది. కూర్చుంటే ఆయాసం, నిలబడితే కాళ్ల బరువు. నడుం పట్టేస్తే నొప్పి మాత్ర మింగాడు. అది పడదని చిన్నప్పుడే చెప్పారు. కానీ నొప్పి ఇప్పుడు కదా!

సాయంత్రానికి మోటరు తిరిగింది. రైతు దాన్ని ఆటోలో వేసుకుని పోయాడు. జయచంద్ర లేచి చెప్పుల్లో కాలు పెట్టబోతే పట్టలేదు. ఇంకోసారి తోసి చూసి వదిలేశాడు.

"అన్నా, అనంతపురం పోయొస్తా. మాయమ్మకు సామాన్లకి పోయినాడని చెప్పు," అని వట్టి కాళ్లతోనే బస్సెక్కాడు.

ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఊపిరితిత్తుల నిండా నీరు చేరిందన్నారు. కబురందుకుని రామాంజినమ్మ వెళ్లేసరికి అతను పోయాడు.

దినాలయ్యాక నరసింహులు ఆ చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఇవి మావానివి కావప్పా," అంది రామాంజినమ్మ. "వాని కాలు చిన్నది."

"వానివేనమ్మా. పాతవి పట్టలేదని ఆస్పత్రికి పోయే ముందురోజే కొనుక్కున్యాడు. నీకు చెప్పొద్దన్యాడు."

ఆమె వాటిని ముట్టుకోలేదు. అతని కాలికి రెండు సైజులు పెద్దవైన కొత్త చెప్పులు, పట్టీలు చివరి రంధ్రందాకా వదులుచేసి, గడప పక్కనే ఉన్నాయి.