పసుపంటిన తెల్లచీర

పిలిచిన చోటికల్లా పోయి పాడటమే హెప్సిబా బతుకుతెరువు. ఆ రోజు పొద్దున తెల్లచీర కట్టుకొని నవీపేట్‌లో ఒక పెద్దాయన సమాధి దగ్గర పాడింది. మధ్యాహ్నానికి వర్నిలో, దేవిదాస్ అనే ఆయన బిడ్డ పెళ్లికి ముందు చేసే పసుపు ఫంక్షన్‌లో పాడాలి. మార్చుకుందామని తెచ్చుకున్న ఆకుపచ్చ చీర సంచితో సహా బస్సులోనే ఉండిపోయింది.

గడప దగ్గరే దేవిదాస్ తల్లి రుక్మాబాయి ఆపింది.

"పసుపు పెట్టే ఇంటికి తెల్లచీర కట్టుకొని వస్తరా పిల్లా?"

"మా తాన పెండ్లిపిల్ల గూడ తెల్లదే కడ్తది అవ్వా."

"గట్లనా. మరి నువ్వు గిప్పుడు పెండ్లి కాడికెల్లే వస్తున్నవా?"

ఔనంటే అయిపోయేది. కాదంటే ఈ ఊరివాళ్లు మళ్లీ పిలవకపోవచ్చు. కానీ పొద్దున ప్రార్థన చేసిన నోటితో అబద్ధమెలా ఆడటం?

"సమాధి కాడికెల్లి వస్తున్న అవ్వా."

రుక్మాబాయి ఆమెను అక్కడే ఉండమంది. లోపలికి పోయి పసుపు గిన్నె తెచ్చి, హెప్సిబా చెంగు పొడవునా చేత్తో పూసింది.

"ఇగ తెల్లది గాదు. కాళ్లు కడుక్కొని వచ్చి పాడు."

హెప్సిబా పొద్దుగూకేదాకా పాడింది.

ఎంత ఉతికినా ఆ పసుపు పోలేదు. ఆమెకున్న తెల్లచీర అదొక్కటే. ఆదివారం చర్చిలో పాడేవాళ్లందరూ తెల్లచీరల్లోనే నిలబడతారు. పసుపు కనబడకుండా ఆమె చెంగు నడుములో దోపుకుంది. పాట మధ్యలో అది జారి బయటపడింది. దేవుడికి అది మరకలా కనిపిస్తుందా, పాడి వచ్చిన ఇంటి గుర్తులా కనిపిస్తుందా? ఆమెకు తెలియలేదు. రెండు చేతుల్లో పాటల పుస్తకం ఉంది. చెంగును అలాగే వదిలేసి పాడింది.