టైమింగ్ చైను జారిన దారి

కారు ముందు భాగంలో గలగల మొదలై పది రోజులైంది. “టైమింగ్ చైను సాగిపోయిండాది అయ్యన్నా,” అని మెకానిక్ ఖాదర్ సాబు అప్పుడే చెప్పాడు. “అది పట్టు తప్పితే వాల్వులు పోయి పిస్టన్లను గుద్దుతాయి. ఇంజను మళ్లా పనికిరాదు.”

కొత్త చైను మద్రాసు నుంచి రావాలి. అందాకా బండిని షెడ్డులో పెడదామని డ్రైవరు అయ్యన్న అడిగితే, యజమాని దేవేంద్రప్ప ఒప్పుకోలేదు. “గలగలంటే అననీప్పా, నడుస్తాండాది కదా!”

ఇప్పుడా కారు బాడుగ మీద ఆత్మకూరు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి పోతోంది. వెనక సీట్లో రత్నమణి నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కోడలి తల ఒళ్లో పెట్టుకుని విశ్వాసమ్మ ప్రార్థన చేస్తోంది. అయ్యన్న చెవులు మాత్రం ఇంజను మీదే ఉన్నాయి.

నందికొట్కూరు దాటగానే ఠక్కుమని ఒక్క చప్పుడు. ఇంజను దగ్గింది, బలం చచ్చి ఈడ్చసాగింది. అయ్యన్న గబుక్కున తాళం తిప్పి ఆపేశాడు.

“ఏమప్పా, ఏంటికి నిలిపితివి?”

“చైను జారిందమ్మా.”

“నీ కాళ్లు మొక్కుతా, పోనీ నాయనా! పిల్ల దక్కేట్టు లేదు.”

అయ్యన్న రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఇంకా పద్దెనిమిది మైళ్లు. మండుటెండలో రోడ్డు మీద నరమానవుడు లేడు. చైను చక్రం మీద ఎన్ని పళ్లు జారిందో తెలియకుండా స్టార్టు చేస్తే వాల్వులన్నీ వంగిపోవచ్చు. చేయకపోతే ఈ పిల్ల ఇక్కడే పోతుంది.

దిగి, కారు ముందు నుంచి ఇంజను తిప్పే హ్యాండిలు దూర్చి, అంగుళం అంగుళంగా తిప్పాడు. లోపల ఇనుముకు ఇనుము తగిలితే చేతికి తెలుస్తుంది. బిగుసుకున్న ప్రతిచోటా ఆగాడు. ఊపిరి బిగబట్టి మెల్లగా నెట్టాడు. రెండు చుట్లు తిరిగింది. ఎక్కడా తగల్లేదు.

“నిమ్మళంగా పోతానమ్మా. గట్టిగా తోలితే దావలోనే ఉండిపోతాం. తొందర పెట్టొద్దు.”

కారు పొగలు కక్కుతూ కదిలింది. గంటకు పది మైళ్లు. రత్నమణి కేక పెట్టినప్పుడల్లా అతని కాలు దానంతటదే యాక్సిలరేటరు నొక్కబోయేది. పళ్లు బిగించి వెనక్కి లాక్కునేవాడు. మిట్ట ఎక్కుతుంటే ఒళ్లంతా చెమటలు. ఇంకొక్క ఠక్కు వినబడితే అంతా అయిపోయినట్టే.

అది వినబడలేదు. ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. ఆడపిల్ల, చాలాసేపటికి గాని ఏడవలేదట. తల్లీబిడ్డా బతికారు.

మర్నాడు ఖాదర్ సాబు ఇంజను విప్పాడు. “ఒక్క పన్నే జారిండాది. ఇంకొకటి జారింటే పిస్టన్లు పగిలిపోతాండె.”

“కాలేదు కదా, ఇంకేంది?” అన్నాడు దేవేంద్రప్ప.

అయ్యన్న యజమానికి ఎదురు చెప్పి ఎరుగడు. అయినా కారు తాళం తీసి ఆయన ముందు పెట్టాడు. “కొత్త చైను వచ్చేదాకా నేను ఎవురినీ ఎక్కించను సామీ. ఆ పిల్ల కేకలు ఇంకా నా చెవుల్లోనే ఉండాయి.”

దేవేంద్రప్ప వదులుగా వేలాడుతున్న చైనును వేలితో కదిపి చూశాడు. తర్వాత, కొత్త చైను కోసం మద్రాసుకు ఇప్పుడే తంతి కొట్టించమని ఖాదర్ సాబుతో అన్నాడు.