తలుపు తీసి ఉంచిన వారం

ముళ్లపొదలు కొట్టాలి. ఐవీ తీగను షెడ్డు గోడ చెక్కల నుంచి ఊడబీకాలి. కుళ్లిన నేల పలకలు మార్చాలి. పైకప్పుకి తారు పట్టా వేయాలి. తలుపుకి కొత్త బందులు, ఆపైన రంగు. ఇదంతా ఏప్రిల్ ఆఖరి ఆదివారం మడుల కమిటీ చేసే తనిఖీలోగా కావాలి. లేకపోతే కౌన్సిల్ అద్దెకిచ్చిన కూరగాయల మడి మా నాన్న చేయిదాటి, దానికోసం కాచుకున్న తర్వాతి మనిషికి పోతుంది.

నాన్న బస్సు డ్రైవరు. పక్షవాతం వచ్చాక మడికి రాలేకపోయాడు. ఈలోగా మడిలోని షెడ్డును అడవి మింగేసింది. ఈ వేసవికి కర్ర పట్టుకునైనా వచ్చి దాని గుమ్మంలో కూర్చోవాలన్న ఆశే ఆయన్ని రోజూ మంచం దింపుతోంది. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. పద్ధతిగా చేస్తే ఏ పనైనా అవుతుందని నా నమ్మకం.

డబ్బు లేదు కాబట్టి నేల పలకల కోసం, సంతలో సరుకు దించి పారేసిన చెక్క ప్యాలెట్లు మోసుకొచ్చి మేకులు పీకాను. రంగు డబ్బా పక్క మడి ఎనిడ్ ఆంటీ ఇచ్చింది.

“ఇదేం రంగు ఆంటీ?”

“మా ఆయన స్నానాల గదికి కొన్నాడు. వేశాక లోపలికెళ్లాలంటే నాకే భయమేసేది. షెడ్డుకి సిగ్గేముంటుందిలే పిల్లా.”

పొదలు, తీగ పోయాయి. నేల చెమ్మ ఆరాలని తలుపుకి ఇటుక అడ్డం పెట్టి, వారమంతా తెరిచే ఉంచాను. చెమ్మ ఆరింది. తనిఖీకి ముందురోజు సుత్తి, పలకలు పట్టుకుని వెళ్తే, మేకుకి వేలాడుతున్న పాత కెటిల్లోంచి ఎర్రరొమ్ము రాబిన్ పిట్ట నా ముఖం మీదుగా ఎగిరిపోయింది. లోపల నాచు, ఎండుటాకులు, గుడ్లు.

“సుత్తి దించు, చప్పుడుకి పిట్ట గూడొదిలేస్తుంది!” ఎనిడ్ ఆంటీ కంచె అవతలనుంచే అరిచింది. “పిట్టలు గూళ్లు కట్టే ఏప్రిల్లో షెడ్డు తలుపు బార్లా తీసి పెడతారా ఎవరైనా? కాలేజీలో ఏం నేర్పారే నీకు?”

“కెటిల్ తీసి చెట్టుకి తగిలిస్తే?”

“తల్లి మళ్లీ రాదు. గూడు కదిపితే నేరం కూడాను.”

కమిటీ కార్యదర్శి ఆగ్డెన్‌కి ఫోన్ చేశాను.

“పిట్టల కోసం గడువు పెంచే నిబంధన లేదమ్మా.”

“అయితే ఒకటి రాయండి!” అని అరిచాను. ఆయన మర్యాదగా ఫోన్ పెట్టేశాడు.

కెటిల్ జరపమని నాన్నే అంటాడని ఆశపడి, ఆయనకి గూడు సంగతి చెప్పాను.

“ఎన్ని గుడ్లు?”

“లెక్కపెట్టలేదు.”

“మంచిపని. దగ్గరికెళ్లకు.”

“నాన్నా, మడి పోతుంది!”

“వినపడింది.” అన్నాడు నాన్న. “అప్పట్లో మనకి ఇల్లు ఖాళీ చేయమని కాగితం వచ్చినప్పుడు ఎలా ఉందో చూశాంగా. ఆ పిట్టకి అలాంటి కాగితం నేను పంపలేను.”

మరునాడు ఆగ్డెన్ వచ్చి, కుళ్లిన నేల చూసి, రాసుకుని వెళ్లాడు. మే నెలలో మడి చేతులు మారింది. నాన్న ఇప్పుడు మధ్యాహ్నందాకా మంచం దిగడు. నాకు ఇటుక మీద, కమిటీ మీద, ఆ పిట్ట మీద కూడా కోపం తగ్గలేదు. ఆయన మీద మాత్రం రావడంలేదు.

మడుల గేటు దగ్గరి బోర్డు మీద నాన్న పేరు చెరిపేశారు. ఇది చదివినవాళ్లయినా గుర్తుపెట్టుకోండి: క్లిఫర్డ్ బూత్‌రాయిడ్.