రెండు కండువాల మనిషి

లారీలో అందరూ అరిచారు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చాలామంది చాలా కథలు అల్లారు. అరిచారు. గొంతులు చిరిగిపోయేలా, ఆపండి ఆపండి, మనిషి పడిపోయాడు అని లారీడు మనుషులు అరిచారు. అక్క అయితే జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి కేబిన్ రేకు మీద రెండు చేతుల్తో బాదింది. అరచేతులు వాచిపోయేదాకా బాదింది. లారీ ఆగలేదు. వంతెన మలుపు దాటి, మీటింగు గ్రౌండులోకి పోయి, జెండాల మధ్య ఆగింది.

ఎందుకాగలేదో అప్పుడెవరికీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. చెప్తా.

పడిపోయినవాడు అక్కకి సొంత తమ్ముడు. అమ్మానాన్న పోయాక ఒక అద్దె గదిలో ఇద్దరే ఉండేవాళ్ళు. అక్క బిల్డింగుల దగ్గర తట్టలు మోస్తుంది, తమ్ముడు సెంట్రింగు పని. కూలీల అడ్డాలో వాణ్ణి అందరూ మైకు అనేవాళ్ళు. వాడి గొంతు అలాంటిది మరి. ఆరో అంతస్తులో నిలబడి "నీళ్ళు" అన్నాడంటే రోడ్డు అవతల టీ కొట్టువాడు గ్లాసు కడిగేవాడు.

ఎలక్షన్లొచ్చాయి. అసెంబ్లీ ఎలక్షన్లు. ఆ నియోజకవర్గంలో ఇద్దరు గట్టి అభ్యర్థులు. ఒకాయన క్వారీల ఓనరు, గుర్తు గొడుగు, కండువా ఊదా రంగు. ఇంకొకాయన కాలేజీల ఓనరు, గుర్తు తాళంచెవి, కండువా ఇటుక రంగు. స్టేజీ ఎక్కితే ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకుంటారు. నువ్వు దొంగంటే నువ్వు గజదొంగ అనుకుంటారు. కానీ ఇద్దరి మీటింగులకీ జనాన్ని తోలేది ఒకే మేస్త్రీ. అడ్డాలో పని కోసం నిలబడ్డవాళ్ళని లారీలెక్కించి పొద్దున ఒకరికి, మధ్యాహ్నం ఇంకొకరికి అప్పజెప్తాడు. ఎలక్షన్లప్పుడు బిల్డింగు పనులు ఆగిపోతాయి. పొయ్యి ఆగదు కదా. అందుకని అందరూ ఎక్కుతారు.

పని కూడా పద్ధతిగానే ఉంటుంది. మేస్త్రీ స్టేజీ పక్కన నిలబడతాడు. భుజం మీది తువ్వాలు ఒకసారి ఊపితే చప్పట్లు. రెండుసార్లు ఊపితే జిందాబాద్. తలకి చుట్టుకున్నాడంటే ఇక లేవొచ్చు. మొదటి కేక ఎప్పుడూ మైకుదే. వాడందుకుంటే మిగతావాళ్ళు అనేవాళ్ళు.

"ఇంతకీ నువ్వు ఏ పార్టీరా?" అని అడ్డాలోనే ఉండే వెల్డరు వాణ్ణి ఏడిపించేవాడు.

"పొద్దున తాళంచెవి, మధ్యాహ్నం గొడుగు, చీకటి పడితే మా అక్క పార్టీ. అందులో చేరకపోతే అన్నం పెట్టదు."

ఆ రోజు పొద్దున తాళంచెవి మీటింగులో ఇచ్చిన కండువాని వాడు నడుముకి చుట్టుకున్నాడు. చెమట తుడుచుకోడానికి. అందరూ చేసేదే. మధ్యాహ్నం గొడుగు కండువా మెడలో వేసుకుని లారీ వెనక తలుపు, అదే డాలా, పక్కన నిలబడ్డాడు, రోడ్డు మీదివాళ్ళకి కేక వినపడాలని. డాలా కొక్కెం వదులుగా ఉందని అక్క రెండ్రోజుల ముందే మేస్త్రీకి చెప్పింది. "ఎలక్షన్లు అవనీ చెల్లెమ్మా, చూద్దాం" అన్నాడు. వంతెన మలుపులో కొక్కెం ఊడింది. వెనక అదే మీటింగుకి పోయే ఇంకో లారీ వస్తోంది.

అక్క, వెల్డరు గ్రౌండు నుంచి వెనక్కి పరిగెత్తి వచ్చేసరికి ఎవరో వాడి ముఖం మీద వాడి కండువానే కప్పి పోయారు.

అక్క గొడుగు వాళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ టేబుల్ వెనకాయన తల కూడా ఎత్తలేదు. "మావాడు కాదమ్మా. మావాడైతే నడుముకి వాళ్ళ కండువా ఎందుకుంటుంది?" తాళంచెవి వాళ్ళ ఆఫీసుకి వెళ్ళింది. "మెడలో ఉంది ఎవరిది? వాళ్ళనడుగు. మావాడు కాదు." రెండు పార్టీలూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొట్టమొదటి విషయం అదే.

మర్నాడు శవాన్ని ఇచ్చారు. ఆ రోజు తాళంచెవి వాళ్ళ పెద్ద మీటింగు, తెల్లారకముందే లారీలొచ్చి వీధి వీధంతా ఊడ్చుకుపోయాయి. అక్కకి ఆ సంగతి తెలీదు, ఆస్పత్రి అరుగు మీదే పడుంది కదా. వీధిలోకొచ్చి తలుపులు కొట్టింది. తాళాలు. ఎదురు వరసలో కొట్టింది. తాళాలు. చివరికి మార్చురీ కాపలాదారు పాడె ఒక కొమ్ము పట్టుకున్నాడు, ఆటో డ్రైవరు ఒకటి, గుంట తవ్వినవాడు పార పక్కన పెట్టి ఒకటి. నాలుగోది అక్క. నలుగురిలో ఉండాలిరా, నలుగురితో మంచిగా ఉండాలిరా అని చిన్నప్పట్నించీ వాడికి నూరిపోసింది తనే. వాడు ఉన్నాడు కూడా. ఆ నలుగురే వాడికి లేకపోయారు.

సాయంత్రం లారీలు తిరిగొచ్చాయి. అదే వీధిలో ఉండే తాపీ బాబాయి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఏదో అనబోయి, మెడలో ఇటుక రంగు కండువా ఇంకా ఉందని గుర్తొచ్చి, గబుక్కున లాగి వీపు వెనక దాచుకున్నాడు. అక్క చూసింది. తలుపేసుకుంది.

ఇక ఆ గది గురించి ఏం చెప్పమంటారు. చిన్న గది, ఒక కిటికీ. పొద్దున్నే వాడు గొంతు కోసం ఉప్పునీళ్ళు పుక్కిలిస్తుంటే గోడ అవతల పెయింటరు వదిన తిట్లతో నిద్ర లేచేది. ఇప్పుడు వదిన రోజూ ఆలస్యంగా లేస్తోంది. ఎందుకో ఆమెకీ తెలుసు, అక్కకీ తెలుసు, ఇద్దరూ పంపు దగ్గర ఆ మాట ఎత్తరు. అక్క అన్నం ఇద్దరికీ సరిపడా వండేస్తుంది, చెయ్యి అలవాటు. గిన్నె దించాక గుర్తొస్తుంది. ఉప్పు డబ్బా మూత తీసి చూసి మళ్ళీ పెట్టేస్తుంది. వీధిలో ప్రచారం ఆటోలు తిరుగుతుంటాయి, మీ ఇంటి బిడ్డ, మీ తోబుట్టువు, మీ కోసం అని. ఆ తోబుట్టువు ఎవరో కానీ, ఈ తలుపైతే కొట్టలేదు.

మేస్త్రీ కొట్టాడు, అది వేరే సంగతి. వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నీకు మంచిరోజులొచ్చాయి. ఆఖరి మీటింగులో గొడుగు ఆయన నీ తమ్ముడి పేరెత్తుతాడు. నువ్వు స్టేజీ మీద, ఆయన పక్క కుర్చీలో."

"మావాడు కాదన్నారు కదా."

"అదప్పుడు. ఇప్పుడు మావాడే. తాళంచెవి వాళ్ళ లారీ గుద్ది చంపిందని ఆయన చెప్తాడు. నువ్వు తలూపు చాలు."

"వాడు పడింది గొడుగు లారీలోంచి. కొక్కెం ఊడి. నువ్వు ఆ కేబిన్లోనే ఉన్నావు."

మేస్త్రీ స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "ఉన్నాను. మీ అరుపులూ విన్నాను. ఒట్టు చెల్లెమ్మా, నినాదాలనుకున్నా. ఇవాళ మనవాళ్ళు భలే ఊపు మీదున్నారు, ఇంకాస్త తొక్కు అని డ్రైవరుకి చెప్పింది కూడా నేనే."

దాచడం ఎందుకు, అక్కకి ఒక్క క్షణం ఆశ పుట్టింది. అబద్ధమే కానీ, అంత పెద్ద మైకులో, అంతమంది ముందు వాడి పేరు. ఈ నాలుగు గోడలకి తప్ప ఇంకెవరికీ పట్టని పేరు. ఆ కుర్చీలో కూర్చుంటే కనీసం పక్కన ఓ మనిషి ఉంటాడు.

"ఆలోచించుకుని చెప్తా" అంది.

ఆలోచించింది. కానీ ఆమె ఆలోచనలో తిరిగింది కుర్చీ కాదు, మేస్త్రీ అన్న మాట. నినాదాలనుకున్నా. నినాదాలనుకున్నా.

మర్నాడు మధ్యాహ్నం సగం కట్టి వదిలేసిన బిల్డింగులో, మీటింగుకీ మీటింగుకీ మధ్య సిమెంటు బస్తాల మీద కూర్చుని క్యారేజీలు విప్పుతున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పింది. ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి.

"వాడి నోట్లో మన్ను పడ" అంది పెయింటరు వదిన.

వెల్డరు లేచి నిలబడ్డాడు. "ఆఖరి మీటింగు కదా, పోదాం. స్టేజీ పీకి పందిరేద్దాం."

"కూర్చోరా. ముందు నీ ఇంటి రేకు వెల్డింగు చేసుకో, వానకి కారుతోంది" అన్నాడు తాపీ బాబాయి. "అసలు పోకుండా ఉంటే?"

"మనం పోకపోతే ఇంకో అడ్డా వాళ్ళని తోలతాడు" అంది వదిన. "పడేది వాళ్ళు పడతారు. అంతే తేడా."

"మరేం చేద్దాం? అరుద్దామా? లారీ మీదేనని అరుద్దామా?" అన్నాడు బాబాయి.

"ఆ రోజు అరవలేదా మనం" అంది అక్క. "వినపడిందా? మన అరుపు వాళ్ళకి రోజూ ఉండేదే బాబాయ్. మన గొంతు అమ్ముకున్నాం. జిందాబాదన్నా, చచ్చిపోతున్నామన్నా వాళ్ళ చెవికి ఒకటే." ఆగింది. "పోదాం. లారీలెక్కుదాం, కూర్చుందాం. తువ్వాలు ఊపుతాడు. ఊపనిద్దాం."

తాపీ బాబాయి క్యారేజీ మూత పెట్టేశాడు. "ఆ రోజు మేం నీ తలుపు దగ్గర లేం."

"లేరు" అంది అక్క. పర్లేదు అనలేదు. ఎందుకంటే పర్లేదు కాదు.

"ఈసారి ఉంటాం" అన్నాడాయన. ఆ మాట చుట్టుపక్కల అడ్డాలన్నిటికీ పాకింది, పనిముట్లతో పాటు, టీ గ్లాసుల్తో పాటు.

ఆఖరి మీటింగు. ఎండ. గ్రౌండు నిండిపోయింది. మేస్త్రీ అక్కని స్టేజీ మెట్ల దగ్గరికి చెయ్యూపి పిలిచాడు. అక్క జనం మధ్యలో కింద కూర్చుంది, వదినకీ బాబాయికీ నడుమ. గొడుగు ఆయన మైకు పట్టుకున్నాడు.

"నా తమ్ముడు. నా సొంత తమ్ముడి కంటే ఎక్కువ. ఆ దుర్మార్గుల లారీ నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకుంది. వాడి రక్తం ఊరికే పోదు."

తువ్వాలు ఒకసారి లేచింది.

ఎవరి చెయ్యీ లేవలేదు.

ఆయన ఆగాడు. చప్పట్ల కోసం వదిలిన ఖాళీ అలాగే ఉండిపోయింది. మేస్త్రీ రెండుసార్లు ఊపాడు. మళ్ళీ రెండుసార్లు. చివరికి గాలిపటం తోకలా ఊపేస్తున్నాడు పాపం. వేలమంది, ఒక్క దగ్గు కూడా లేదు. జనరేటరు చప్పుడు వినిపిస్తోంది. స్టేజీ మీద ఎవరో "మైకు పనిచేస్తోందా?" అని అడగడం స్పీకర్లలో అందరికీ వినపడింది. పనిచేస్తోంది. జనమే పనిచెయ్యడం లేదు.

అప్పుడు అక్క లేచింది. సంచిలోంచి రెండు కండువాలు తీసింది. మట్టి, రక్తం అంటుకున్నవే, ఉతకలేదు. ఒక చేతిలో ఊదా, ఒక చేతిలో ఇటుక. ఆమెది మెల్లని గొంతు, ఎప్పుడూ మొదటి కేక వెయ్యలేదు. అయినా ఆ నిశ్శబ్దంలో చివరి వరస దాకా వినపడింది.

"మీ లారీయే అయ్యా. మీ కొక్కెమే. వాడు మీ తమ్ముడు కాదు, నా తమ్ముడు. పొద్దున వాళ్ళకి చప్పట్లు కొట్టాడు, మధ్యాహ్నం మీకు కొట్టడానికొస్తూ చచ్చిపోయాడు. మీరిద్దరూ మావాడు కాదన్నారు. ఆ మాట ఈ మైకులో చెప్పండి."

స్టేజీ మీదాయన మైకు మీద చెయ్యి పెట్టి పక్కకి తిరిగాడు. పోలీసులొచ్చారు. తాళంచెవి వాళ్ళు పంపిన మనిషి అని ఎవరో అప్పుడే అనేశారు. ఒక కానిస్టేబులు అక్క చెయ్యి పట్టుకుని గ్రౌండు పక్కనున్న వ్యాను దగ్గరికి నడిపించాడు. అక్క వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఎవరూ ఉండరేమోనని భయం. ఒక్కతే వ్యాను ఎక్కి మూలన కూర్చుంది. అలవాటే కదా.

వ్యాను ఊగింది. తాపీ బాబాయి ఎక్కుతున్నాడు. వెనక వదిన, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని. వెనక వెల్డరు. వెనక ఇంకా ఇంకా.

"ఏయ్, మిమ్మల్నెవరు ఎక్కమన్నారు?" అన్నాడు కానిస్టేబులు.

"మాకెవరైనా ఎక్కమని చెప్పాలా సారూ, బండి కనపడితే ఎక్కడమే మా పని" అన్నాడు వెల్డరు. "ఈసారి ఊరికే ఎక్కుతున్నాం, సంతోషించు."

వ్యాను నిండింది. ఇంకో వ్యాను తెప్పించారు. అదీ నిండింది. మిగిలినవాళ్ళు వెనకాల నడుస్తున్నారు. కిక్కిరిసిన ఆ వ్యానులో కూడా అక్క పక్కన ఒక మనిషి కూర్చునేంత చోటు వదిలేశారు. ఎవరూ అనుకుని చెయ్యలేదు. ఎవరూ అందులో కూర్చోలేదు. ఆ ఖాళీ వైపు చూస్తూ అక్క అడిగింది.

"తలుపు కొక్కెం పడిందా?"

వదిన చెయ్యి పెట్టి లాగి చూసింది. "పడింది."

వ్యాను కదిలింది. అదే రోడ్డు, అదే వంతెన. మలుపు దగ్గరికి రాగానే అందరూ అక్క వంక చూశారు. ఆమె కిటికీ జాలీ పట్టుకుని లేచి నిలబడింది. మొదటి కేక ఎలా వెయ్యాలో ఆమెకి తెలీదు. గొంతు మధ్యలోనే జీరపోయింది.

"మైకు ఎవరివాడు?"

"మావాడు."

"ఎవరివాడు?"

"మావాడు."

నడిచి వస్తున్నవాళ్ళు అందుకున్నారు. వెనక వ్యాను అందుకుంది. వంతెన మీద ఆ మాట అటూ ఇటూ తగిలి తిరిగొస్తోంది. అక్క పక్కన ఆ చోటు ఖాళీగానే ఉంది, ఇంటికెళ్ళినా ఖాళీగానే ఉంటుంది. ఆమె మళ్ళీ అడిగింది.

ముందు కేబిన్లో కూర్చున్న డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక్కి తిరిగి చూశాడు.